పోలియో చుక్కల నుంచి పిల్లల దొంగల దాకా: కుట్ర కథలను జనం ఎందుకు నమ్ముతారు?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):

అందరికీ నమస్కారం. కుట్ర సిద్ధాంతాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "చదువు లేకపోవడం వల్ల నమ్ముతారు" అన్న ఒక్క మాటతో మనలో చాలామంది విషయాన్ని ముగించేస్తున్నారు. ఆ సమాధానం నాకు తృప్తి కలిగించడం లేదు. అందుకే, జరిగిన ఒక సంగతిని దగ్గరగా చూసి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2002లో మన దేశంలో సుమారు 1,600 పోలియో కేసులు నమోదయ్యాయి. వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనివే. పల్స్ పోలియో దేశమంతటా మొదలైంది 1995 డిసెంబరులో కాబట్టి, అప్పటికి ఏడేళ్లుగా చుక్కల మందు వేస్తూనే ఉన్నారు. అయినా మొరాదాబాద్ పరిసరాల్లోని పేద ముస్లిం బస్తీలలో ఎన్నో కుటుంబాలు తలుపులు మూసుకున్నాయి. ఈ చుక్కలు వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదని, తమ జనాభాను తగ్గించడానికే ప్రభుత్వం ఈ పన్నాగం పన్నిందని వారు నమ్మారు.

ఆ నమ్మకం అబద్ధం. కానీ అది గాలిలోంచి పుట్టలేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే, దేశంలో ఎనభై లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో బలవంతం ఎంత ఉన్నదో ఉత్తరాది పల్లెలకు, బస్తీలకు ఇంకా గుర్తుంది. ప్రభుత్వ వాహనం వచ్చిందంటే మగవాళ్లు పొలాల్లో దాక్కున్న తరం వారే 2002 నాటికి ఆ ఇళ్లలో తాతలు. మనవడికి చుక్కలు వేయించాలా వద్దా అని ఇంట్లో నిర్ణయించేది వారే.

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. ఆ బస్తీకి మంచినీటి కుళాయి రాలేదు, మురుగు కాలువ రాలేదు, పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే చూసే డాక్టరు రాలేదు. కానీ పోలియో బృందం మాత్రం మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తట్టేది. మరేదీ ఇవ్వని సర్కారు ఈ రెండు చుక్కలను మాత్రమే ఇంత పట్టుబట్టి ఎందుకు వేస్తోందని ఒక తల్లి అడిగితే, ఆ ప్రశ్నలో తప్పేమున్నది? దానికి శాస్త్రీయమైన జవాబు ఉన్నది: పారిశుద్ధ్యం లేనిచోట, తరచూ విరేచనాలతో బాధపడే పిల్లల పేగుల్లో ఆ మందు సరిగా పట్టదు కనుక ఎక్కువ మోతాదులు అవసరమవుతాయి. అంటే అన్నిసార్లు రావలసి రావడానికి కూడా ఆ మురుగే కారణం. ఈ మాటను ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పినవారు చాలాకాలం పాటు చాలా తక్కువ. న్యాయమైన ప్రశ్నకు జవాబు చెప్పేవారు లేనప్పుడు ఆ ఖాళీలోకి కుట్ర కథ వచ్చి కూర్చుంటుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఆరోగ్యసేవిక:

కృష్ణాతీరం గారూ, నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం ఏఎన్‌ఎంగా (ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుగా) పనిచేసి పదవీ విరమణ చేశాను. మన దగ్గర ఉత్తరప్రదేశ్‌లో ఉన్నంత వ్యతిరేకత లేదు గానీ, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబాల మధ్య తిరిగినప్పుడు మీరు చెప్పిన భయాన్నే వేరే రూపంలో చూశాను.

ఒక తల్లి, పిల్లవాడిని ఇటుకల వరుస వెనక దాచి, ఇంట్లో పిల్లలు లేరని చెప్పింది. నిదానంగా కూర్చుని అడిగితే, పెద్దపిల్లవాడికి చుక్కలు వేసిన రోజు రాత్రే జ్వరం వచ్చి వారం దాకా తగ్గలేదని చెప్పింది. ఆ కాలంలో ఆ బట్టీలో సగం మంది పిల్లలకు జ్వరాలే. అయినా ఆమె మనసులో ఆ రెండూ కలిసిపోయాయి. "చుక్కల వల్ల జ్వరం రాదు" అని నేను వెంటనే అని ఉంటే, ఆమె దృష్టిలో నేను ఆమె కళ్లతో చూసినదాన్ని కాదన్న మనిషిని అయ్యేదాన్ని. అందుకని ముందు ఆ జ్వరం సంగతే అడిగాను, ఆ పిల్లవాడు ఇప్పుడెలా ఉన్నాడో చూశాను.

ఆ తరువాత సీసా చేతికిచ్చి చూపించాను. పోలియో మందు సీసా లేబుల్ మీద ఒక వలయం, దాని నడుమ చిన్న చతురస్రం ఉంటాయి. చతురస్రం వలయం కంటే లేత రంగులో ఉన్నంతవరకు మందు పనికొస్తుంది. చల్లదనం తప్పి వేడి తగిలే కొద్దీ అది ముదురుతూ వచ్చి, వలయంతో సమానమైతే ఆ సీసాను పారేయాలి. చదువు రాని వారు కూడా దాన్ని స్వయంగా పోల్చి చూడగలరు. ఆమె ఎండలోకి తిప్పి చూసి, పక్క గుడిసె ఆవిడకు కూడా చూపించింది. ఆ రోజు ఆ వరుసలో అందరు పిల్లల ఎడమ చిటికెన వేలికీ సిరా గుర్తు పడింది.

మనుషులు తమ కళ్లతో తామే పరీక్షించుకోగలిగే వీలు కల్పిస్తే సగం అనుమానం పోతుంది. "డాక్టర్లు చెప్పారు, నమ్ము" అంటే పోదు.

తర్కవాది:

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉన్నది, కానీ ఈ వాదన ఒకవైపే సాగుతోందని నా అభ్యంతరం. పేదరికం, పాత గాయాలు, జవాబుల్లేని ప్రశ్నలు మాత్రమే కుట్ర కథలకు కారణమైతే, లండన్‌లోని ఉన్నత విద్యావంతులు టీకాలకు ఎందుకు భయపడ్డారు?

1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు కేవలం 12 మంది పిల్లల వివరాలతో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించి, తట్టు, గవద బిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకాకు ఆటిజంతో సంబంధం ఉండవచ్చని ప్రచారం చేశాడు. టీకా కంపెనీల మీద దావా వేయదలచిన న్యాయవాదుల నుంచి అతనికి డబ్బు ముట్టిన సంగతి ఆ తరువాత బయటపడింది. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, అదే ఏడాది అతని పేరును వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించారు. కానీ అప్పటికే ఇంగ్లండ్‌లో ఆ టీకా వేయించుకునే పిల్లల శాతం 92 దాకా ఉన్నది కాస్తా 80 వద్దకు పడిపోయి, తిరిగి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. అమెరికాలో 2000 నాటికి తట్టు నిర్మూలన అయిందని ప్రకటించారు. 2019లో అక్కడ 1,274 కేసులు వచ్చాయి. 1992 తరువాత అప్పటివరకు అంత ఎక్కువ ఎన్నడూ రాలేదు.

ఆ తల్లిదండ్రులకు మంచినీరు ఉన్నది, డాక్టరు ఉన్నాడు, చదువు ఉన్నది. కాబట్టి నమ్మినవారి మనసును మాత్రమే తవ్వుకుంటూ కూర్చోకుండా, ఆ కథను తయారుచేసి అమ్మినవారి పేరు చెప్పి వేలెత్తి చూపడం కూడా మన బాధ్యతే. లేకపోతే మన సానుభూతి అబద్ధాల వ్యాపారికి గొడుగు పడుతుంది.

భద్రాద్రి:

తర్కవాది గారు లండన్ ఉదాహరణ చెప్పారు. మా ప్రాంతంలో జరిగినది చెబుతాను. ఇది ఇప్పటికీ మా ఊళ్లలో చల్లారని విషయం.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా నిరోధించే హెచ్‌పీవీ టీకాను వేశారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే జరిగింది. ఈ రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని నిలిపివేసింది.

విచారణ సంఘం ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్లు కనిపించడం లేదని చెప్పింది. ఆ మరణాలలో నీట మునిగినవి, పాముకాటు వంటివి ఉన్నాయి. వైద్యపరంగా ఆ మాటను నేను అంగీకరిస్తాను. కానీ ఆ విచారణలోనే మరొకటి బయటపడింది. మన రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాలను పరిశీలిస్తే 2,763 పత్రాల మీద సంతకం పెట్టినవారు హాస్టల్ వార్డెన్లు, 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. ఆ హాస్టళ్లలో ఎక్కువమంది కోయ, లంబాడ పిల్లలు. తమ కూతురికి ఏ మందు ఎందుకు వేశారో ఆ తల్లిదండ్రులలో ఎందరికో తెలియదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఇప్పుడు మా దగ్గర "గిరిజన పిల్లల మీద మందులు ప్రయోగించి చంపారు" అని ఒకరు అంటే, అందులో ఎంత నిజమో ఎంత కల్పనో విడదీసి చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. చంపారన్నదానికి ఆధారం లేదు. అడగకుండా వేశారన్నది ప్రభుత్వ పత్రాలే చెబుతున్నాయి. ఆ రెండో వాక్యం నిజం కావడం వల్లనే మొదటి వాక్యానికి బలం వస్తున్నది. ఆ టీకా నిజంగా మంచిది, మన దేశంలో ఏటా వేలాది స్త్రీలను బలిగొనే క్యాన్సర్‌ను అడ్డుకోగలది. అటువంటి టీకా పేరు చెబితేనే మా ప్రాంతంలో తల్లులు ఉలిక్కిపడేలా చేసినవారు ఏ కుట్ర కథకుడూ కాదు, అంగీకారం అడగడానికి తీరిక లేని అధికారులు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

మనస్తత్వపాఠం:

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. పైన చెప్పినవన్నీ సామాజిక కారణాలు, వాటిని కాదనను. అయితే అవే పరిస్థితుల్లో ఒకరు నమ్మి మరొకరు ఎందుకు నమ్మరో తెలియాలంటే మనసు పనిచేసే తీరును కూడా చూడాలి.

పెద్ద సంఘటనకు పెద్ద కారణమే ఉండాలని మన మనసు కోరుకుంటుంది. నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1945 ఆగస్టు 18న తైపేలో విమాన ప్రమాదంలో మరణించారన్న మాటను కోట్లాది మంది అంగీకరించలేకపోవడానికి ఇదొక కారణం. అంతటి మనిషి అంత మామూలుగా ఎలా పోతాడు? 1956లో షా నవాజ్ కమిటీ, 1974లో ఖోస్లా కమిషన్ ప్రమాదమే జరిగిందన్నాయి. 2005లో ముఖర్జీ కమిషన్ కాదన్నది, ఆ నివేదికను ప్రభుత్వం ఒప్పుకోలేదు. అన్నిటికీ మించి, ఆయనకు సంబంధించిన దస్త్రాలను 2016 వరకు రహస్యంగా ఉంచారు. దాచినకొద్దీ దాచడానికి ఏదో ఉన్నదన్న అనుమానం పెరగడం సహజం.

రెండోది, విన్నదే మళ్లీ మళ్లీ వినడం వల్ల కలిగే ప్రభావం. ఒక వాక్యం నిజమో కాదో తెలియకపోయినా, పలుమార్లు చెవిన పడితే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే అమెరికా పరిశోధకులు చూపారు. ఆ తరువాత ఎన్నో ప్రయోగాలు దాన్ని బలపరిచాయి. మూడు గ్రూపుల్లో ఒకే సందేశం వచ్చినప్పుడు "అందరూ అంటున్నారు" అని మనకు అనిపించడానికి మూలం ఇదే, ఆ మూడూ ఒకే చోట పుట్టినవన్న సంగతి తట్టదు.

మూడోది, దురదృష్టానికి కర్తను వెతకడం. పంట పోతే, బిడ్డకు జబ్బు చేస్తే, దాని వెనక ఎవరో ఉన్నారని అనుకోవడం మన పల్లెల్లో చేతబడి అనుమానాల నాటి నుంచీ ఉన్నదే. యాదృచ్ఛికంగా జరిగిందంటే మనం చేయగలిగిందేమీ ఉండదు. ఫలానావాడు చేశాడంటే మాత్రం, ఎంత భయంకరమైనా, దాన్ని ఎదుర్కోవచ్చు. భయం కంటే నిస్సహాయతే మనిషికి ఎక్కువ భరించరానిదని నా అభిప్రాయం. కుట్ర కథ నిస్సహాయతను కోపంగా మారుస్తుంది.

పాలమూరు:

ఆ కోపం ఎవరి మీద పడుతుందో ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను.

2018 మే నెలలో మా ప్రాంతంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, వాళ్లు అవయవాలు కోసి అమ్ముతారని వాట్సాప్‌లో ఆడియోలు, వీడియోలు తిరిగాయి. బైకు మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోయే ఒక వీడియో అందరూ చూసే ఉంటారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసిన చిత్రం. చివరలో పిల్లవాడిని తిరిగి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపే భాగాన్ని కత్తిరించి పంపారు. పార్థీ ముఠా అన్న పేరు ఒకటి తోడైంది. రాత్రుళ్లు కర్రలు పట్టుకుని ఊళ్లకు కాపలా కాశారు.

చనిపోయిన వారెవరో చూడండి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకరు. మతి స్థిమితం లేని వారు, భాష రాని వలస కూలీలు ఎందరో దెబ్బలు తిన్నారు. "ఇతను మావాడే" అని పూచీపడే మనిషి పక్కన లేనివారే అందరూ. ఏ కుట్ర కథైనా చివరకు వెతికేది అటువంటి మనిషినే.

జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రం ప్రాణాలు పోలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఒక్కో ఊరి బాధ్యతను ఒక్కో పోలీసుకు అప్పగించి, జానపద కళాకారులతో డప్పు పాటల ద్వారా ఈ పుకార్ల సంగతి చెప్పించారు. ఊరికి ముందే పరిచయమైన పోలీసు కాబట్టి, అనుమానం వచ్చినవారు కర్ర అందుకునే ముందు అతనికి ఫోన్ చేశారు. ఆరోగ్యసేవిక గారు చెప్పిన సీసా, ఈ డప్పు నాకు ఒక్కలాగే కనిపిస్తున్నాయి. రెండూ జనం దగ్గరికి వెళ్లినవి.

సముద్రపుగాలి:

ఒక్క సందేహం. ఆ వీడియోలను పంపినవారిలో చాలామంది చెడ్డవారు కారు కదా? "మీ పిల్లలు జాగ్రత్త" అని ప్రేమతోనే పంపారు. వారిని దోషులంటామా?

తర్కవాది:

సముద్రపుగాలి గారూ, ప్రేమతో పంపారన్నది నిజమే, అదే ఇందులోని చిక్కు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తా గొలుసులను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. నిజం 1,500 మందికి చేరడానికి పట్టే కాలం అబద్ధానికి పట్టే కాలానికి ఆరు రెట్లు. అబద్ధాన్ని వేగంగా మోసింది యంత్రాలు కావు, మనుషులే. కొత్తగా, భయపెట్టేలా, అసహ్యం కలిగించేలా ఉన్నదాన్ని మన వేళ్లు ఆలోచించకముందే పంపేస్తాయి.

పంపిన ప్రతి ఒక్కరినీ జైలుకు పంపమని నేను అనను. కానీ చివరి భాగం కత్తిరించిన చెయ్యి ఒకటి ఉన్నది, ఆ చేతికి తాను చేస్తున్నదేమిటో తెలుసు. ఆ ఏడాది జులై 17న సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో నోడల్ అధికారిని నియమించాలని ఆదేశించింది, అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా పరిమితి పెట్టింది. ఇవి మనుషులు చనిపోయాక వచ్చాయి. మోసుకెళ్లే వేగంతోనే లాభం గడించే కంపెనీలను ముందే ప్రశ్నించి ఉండవలసింది.

ఇక 2020లో కరోనాను ఒక మతం వారు కావాలని వ్యాపింపజేస్తున్నారన్న ప్రచారాన్ని మరచిపోవద్దు. తబ్లిగీ సమావేశానికి వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. అప్పటికి కూరగాయల బండ్ల వాళ్లను పేరు అడిగి వెళ్లగొట్టడం జరిగిపోయింది. చదువుకున్న కాలనీలలోనే జరిగింది.

డల్లాస్ తెలుగు:

విదేశాల్లో ఉన్న మాబోటివారికి ఇది కుటుంబ సమస్య కూడా. మా పెదనాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు, పల్లెలో ఉంటారు. 2021లో రెండో వేవ్ నడుస్తుండగా, జనం చనిపోతున్నది కరోనాతో కాదు, 5జీ టవర్ల పరీక్షల వల్లేనని కుటుంబ గ్రూపులో పెట్టారు. మన దేశంలో అప్పటికి 5జీ పరీక్షలే మొదలుకాలేదని టెలికాం శాఖ ఆ మే నెలలో ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. నేను ఆ ప్రకటన పెట్టాను. ఆయన దాన్ని చూసి, "ప్రభుత్వం ఇంత హడావుడిగా ఖండిస్తోందంటేనే ఏదో ఉంది" అని రాశారు. పిల్లలందరూ కలిసి ఆయన మీద పడి ఒకదాని తరువాత ఒకటి లింకులు పెట్టారు. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు.

ఫోన్ చేసి మాట్లాడితే అర్థమైన విషయం ఏమిటంటే, ఆ నెలలో ఆయనతోపాటు పనిచేసిన టీచర్లు ముగ్గురు పోయారు. అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయారు. గ్రూపులో ఎవరూ ఆయనను దాని గురించి అడగలేదు, నేను కూడా టవర్ల గురించే వాదించాను. చివరికి ఆయన టీకా వేయించుకున్నారు. మా లింకుల వల్ల కాదు. వాళ్ల ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు తాను వేయించుకుని, "నాకేం కాలేదు, రండి మాస్టారూ" అని తన బండి మీద మండల కేంద్రానికి తీసుకువెళ్లారు. 5జీ మాటను పెదనాన్నగారు ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు, కానీ ఫోన్లో ఆ ప్రస్తావన వస్తే వినే ఓపిక నాకు వచ్చింది.

అన్వేషి:

నా ప్రశ్న కొంచెం ఇబ్బంది పెట్టవచ్చు. నిజమైన కుట్రలు జరిగాయి కదా? అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కేగీలో 1932 నుంచి 1972 వరకు, సిఫిలిస్ ఉన్న సుమారు 400 మంది నల్లజాతి పురుషులకు జబ్బు సంగతి సరిగా చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, అది ముదిరితే ఏమవుతుందో ప్రభుత్వ వైద్యులే గమనిస్తూ కూర్చున్నారు. 2011లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పాకిస్తాన్‌లోని అబ్బొట్టాబాద్‌లో ఒక వైద్యుడి చేత బూటకపు హెపటైటిస్ టీకా కార్యక్రమం నడిపించింది. ఆ సంగతి బయటపడ్డాక 2012లో తాలిబన్లు వజీరిస్తాన్‌లో పోలియో చుక్కలను నిషేధించారు, చుక్కలు వేసే స్త్రీలను కాల్చి చంపారు. 2014లో పాకిస్తాన్‌లో 306 పోలియో కేసులు వచ్చాయి. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని ఆ ఏడాది వైట్‌హౌస్ హామీ ఇచ్చింది. ఏళ్ల తరబడి "టీకా బృందాలలో గూఢచారులు ఉన్నారు" అన్నవారిని మనం కుట్ర సిద్ధాంతకర్తలనే అన్నాం. మరి ఏది నిజమైన కుట్ర, ఏది కట్టుకథ అని ముందుగా తెలుసుకునే దారి ఏదైనా ఉన్నదా?

మనస్తత్వపాఠం:

అన్వేషి గారూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే అత్యంత ముఖ్యమైన ప్రశ్న. ముందుగానే కచ్చితంగా తెలుసుకునే దారి లేదు. కానీ రెంటికీ మధ్య తేడాలు ఉన్నాయి.

మీరు చెప్పినవి ఎలా బయటపడ్డాయో చూడండి. టస్కేగీ సంగతిని ఆరోగ్య శాఖలోనే పనిచేసిన పీటర్ బక్స్‌టన్ ముందు పై అధికారులకు రాసి, వారు పట్టించుకోకపోతే విలేఖరులకు చెప్పగా 1972లో వార్త అయింది. అబ్బొట్టాబాద్ సంగతిని కొన్ని వారాల్లోనే పత్రికలు బయటపెట్టాయి. ఖమ్మం వ్యవహారంలో అంగీకార పత్రాలు సాక్ష్యం చెప్పాయి. నిజమైన కుట్రకు పరిమితమైన లక్ష్యం, కొద్దిమంది మనుషులు, కాగితాలు, తప్పులు ఉంటాయి. దాన్ని తప్పని రుజువు చేయడానికి ఏ ఆధారం సరిపోతుందో ముందే చెప్పవచ్చు.

కట్టుకథకు ఆ అవకాశం ఉండదు. ఆధారం లేకపోతే దాచేశారంటారు, ఖండిస్తే భయపడుతున్నారంటారు, విచారణ జరిపితే అమ్ముడుపోయారంటారు. డల్లాస్ తెలుగు గారి పెదనాన్నగారికి ఖండనే రుజువుగా కనిపించడం అదే. అందుకే నమ్మినవారిని నేను ఒక్కటే అడుగుతాను: "ఏం చూపిస్తే ఇది తప్పని మీరు ఒప్పుకుంటారు?" దానికి జవాబు ఉంటే మనం మాట్లాడుకోవచ్చు, ఆ మనిషి అనుమానం గౌరవించదగినది. ఏం చూపినా ఒప్పుకోనంటే ఆధారాల మీద వాదన అక్కడ ఆగిపోతుంది, ఆ మనిషికి ఏం పోగొట్టుకున్న బాధ ఉన్నదో చూడవలసి ఉంటుంది.

కృష్ణాతీరం:

నేను ప్రారంభించిన కథకు ముగింపు చెప్పలేదు. తర్కవాది గారి అభ్యంతరానికి కూడా అందులో కొంత జవాబు ఉన్నది.

ఉత్తరప్రదేశ్‌లో పరిస్థితి మారడానికి కరపత్రాలు మాత్రమే కారణం కాదు. యూనిసెఫ్ సహకారంతో అదే బస్తీలకు చెందిన వేలాది మంది స్త్రీలను ప్రేరకులుగా నియమించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా వంటి సంస్థల వారు కలిసి వచ్చారు. మసీదు మైకుల్లో ఇమాములు చుక్కల రోజును ప్రకటించారు, కొందరు తమ పిల్లలకు అందరి ఎదుట వేయించారు. 2009లో ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో పోలియో వదలని 107 బ్లాకులను గుర్తించి, అక్కడ చుక్కలతో పాటు పారిశుద్ధ్యం, విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింకు, తల్లిపాల గురించి కూడా పని మొదలుపెట్టారు. అంటే ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మాటలతో కాక పనితో జవాబు చెప్పడం మొదలైంది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో గుర్తించినదే మన దేశంలో చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

కట్టుకథలు అమ్మేవారిని శిక్షించాలన్న మాటను నేను అంగీకరిస్తాను. కానీ మొరాదాబాద్‌లో ఎవరినీ జైలుకు పంపకుండానే ఆ కథకు గిరాకీ పోయింది. ఆ గిరాకీ ఎందుకు పోయిందన్నదే నాకు ముఖ్యం.

తర్కవాది:

గిరాకీ పోయిందనడం కంటే, ఆ ఊళ్లో పోయిందనడం సరిగా ఉంటుంది. అదే వంధ్యత్వపు కథతో 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రంలో చుక్కలు ఆపేశారు. అక్కడ కూడా 1996లో ఒక అమెరికన్ మందుల కంపెనీ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) సోకిన పిల్లలపై జరిపిన ఔషధ ప్రయోగం తాలూకు చేదు ఉన్నది. ఆ నిలిపివేత తరువాత వైరస్ అక్కడి నుంచి సుమారు ఇరవై దేశాలకు పాకింది. కథ ఒకటే, దేశాలు మారాయి. మీరు నేలను బాగుచేయమంటున్నారు, నేను విత్తనం చల్లేవాడిని ఆపమంటున్నాను. రెండు పనులూ ఒకేసారి జరగాలన్న చోట మనకు భేదం లేదు.

భద్రాద్రి:

చివరగా ఒక ఆచరణాత్మకమైన మాట. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. భద్రాచలం హాస్టళ్లకు ఆ టీకా మళ్లీ వచ్చినప్పుడు, నేను దాన్ని సమర్థించి మాట్లాడాలనుకుంటున్నాను. కానీ అంగీకార పత్రం మీద వార్డెను సంతకం ఉండకూడదు. తల్లిదండ్రులను పండుగ సెలవుల్లోనో సంత రోజునో పిలిచి, కోయ మాట్లాడే ఆశా కార్యకర్త చేత ఏ మందు, ఎందుకు, ఎన్ని మోతాదులు, వేసిన తరువాత ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి చెప్పించాలి. వద్దన్నవారి పిల్లలను బడిలో వేరుగా చూడకూడదు. 2009లో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే "అవన్నీ పుకార్లు" అని కొట్టిపారేయకుండా, అప్పుడు అడగకుండా వేసిన మాట నిజమని, మరణాలకు టీకా కారణమని తేలలేదని, రెండూ చెప్పాలి.

ఆరోగ్యసేవిక గారూ, అటువంటి సమావేశంలో మాట్లాడటానికి మీవంటి అనుభవం ఉన్నవారు అవసరం. మా దగ్గరి ఆశా కార్యకర్తలకు ఒక రోజు శిక్షణ ఇవ్వడానికి మీరు రాగలరా?

ఆరోగ్యసేవిక:

తప్పకుండా వస్తాను బాబూ. సంత ఏ వారమో చెప్పండి. శిక్షణకు కాగితాలతో పాటు ఆ టీకా సీసా కూడా ఒకటి తెప్పించి పెట్టండి, దాని మీద కూడా వలయం ఉంటే ముందు దాన్నే చూపించి మొదలుపెడదాం.